గిలక్కాయ బావ

మా బావ చేతికి ఏది అందినా కుదపకుండా ఉండలేడు. నీళ్ల సీసా ఇస్తే కుదుపుతాడు. దగ్గు మందు ఇస్తే కుదుపుతాడు, అది కుదపాల్సిందే కాబట్టి సరే. పాల గ్లాసు ఇస్తే, దానికి మూత లేదన్న సంగతి మరిచిపోయి కుదిపి చొక్కా తడుపుకుంటాడు. పాప పుట్టినప్పుడు ఆస్పత్రిలో బిడ్డను ఆయన చేతుల్లో పెడుతూ మా అక్క, "ఇదిగో, ఇది డబ్బా కాదు, గుర్తుంచుకో," అంది. పెళ్లయిన కొత్తలోనే నేను ఆయనకు గిలక్కాయ బావ అని పేరు పెట్టాను. మరదలు పెట్టిన పేరు కదా, నోరు మూసుకుని ఒప్పుకున్నాడు. ఇప్పుడు వీధిలో వాళ్లకు కూడా అదే పేరు.

తప్పు ఆయనది కాదు, ఆయన చేసే పనిది. బావ రంగుల దుకాణంలో రంగులు కలుపుతాడు. ఎవరో ఊడిన గోడ పెచ్చు ఒకటి కాగితంలో చుట్టుకొచ్చి, "అచ్చం ఇదే రంగు కావాలి," అంటారు. బావ దాన్ని బయట ఎండలో ఒకసారి, లోపల దీపం కింద ఒకసారి చూస్తాడు. తెల్ల రంగు డబ్బా మూత తీసి, అందులో పసుపు ముద్ద ఇన్ని చుక్కలు, నల్ల ముద్ద అన్ని చుక్కలు వేసి, మూత పెట్టి చుట్టూ సుత్తితో తట్టి, ఇక మొదలుపెడతాడు. పెద్ద డబ్బాలను ఊపడానికి దుకాణంలో యంత్రం ఉంది. చిన్న డబ్బాలను మాత్రం బావ యంత్రానికి ఇవ్వడు. చెవి పక్కన పెట్టుకుని, భుజం నుంచి బలం తెచ్చి కుదుపుతాడు. ముద్ద అడుగున పేరుకుని ఉంటే ఒక చప్పుడు, కలిసిపోతే ఇంకో చప్పుడట. అది విని ఆపుతాడు. మాట్లాడుతూ కుదుపుతాడు, ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని కుదుపుతాడు. ఆ చేతికి ఆయన బుర్రతో పని లేదు. ఇదంతా మాకు నవ్వులాటగా ఉన్నన్నాళ్లు బాగానే ఉంది.

మా అమ్మ వైపు నుంచి మాకొక జబ్బు వస్తోంది. ఒంట్లో వాపును అదుపులో పెట్టే ప్రోటీన్ ఒకటి రక్తంలో ఉంటుందట. మా వాళ్లలో కొందరికి అది పుట్టుకతోనే తక్కువ. అలాంటి వాళ్లకు ఒక్కోసారి ఏ కారణమూ లేకుండా చేయో కాలో పెదవో వాచిపోతుంది. దురద ఉండదు, దద్దుర్లు ఉండవు, ఊరికే పొంగిపోతుంది. కొన్నాళ్లుండి అదే తగ్గుతుంది. గొంతులో వస్తే మాత్రం తగ్గేదాకా ఆగడానికి మనిషికి వ్యవధి ఉండదు.

మా చిన్నప్పుడు దీనికొక పేరుందని మాకు తెలియదు. ఏదో తిన్నది పడలేదనుకునేవాళ్లం. అమ్మకు పెదవి వాచినప్పుడల్లా చూడడానికి అచ్చం బుంగమూతి పెట్టినట్టే ఉండేది. "ఏంటి, పొద్దున్నే అలిగావా?" అని నాన్న వేళాకోళం చేసేవాడు. అలా మా ఇంట్లో ఆ వాపుకు అలక అనే పేరు స్థిరపడింది. అమ్మ చేయి అలిగింది, అక్క కాలు అలిగింది, ఇవాళ అలక కాస్త తగ్గింది, ఇలా మాట్లాడుకునేవాళ్లం. భయపడాల్సిన దానికి ముద్దుపేరు పెట్టుకున్న ఇల్లు మాది.

ఒక మధ్యాహ్నం అమ్మకు గొంతు అలిగింది. పక్క వీధి డాక్టరు, పడని వాటికి ఇచ్చే ఇంజెక్షను ఇచ్చాడు. మంచివాడే పాపం, ఈ వాపు ఆ మందుకు లొంగదని ఆయనకు తెలియదు. నేను అమ్మ పక్కనే కూర్చున్నాను. ఊపిరి లోపలికి లాగిన ప్రతిసారీ ఆమె గొంతులో సన్నగా ఈల వేసినట్టు చప్పుడొచ్చేది. ఆ ఈల సన్నబడింది, ఇంకా సన్నబడింది, ఆగిపోయింది. అక్క ఆ రోజు పరీక్ష రాయడానికి వెళ్లింది. అందుకని ఆ చప్పుడు మా ఇద్దరిలో నాకొక్కదానికే తెలుసు.

పాప పుట్టిన తర్వాత అక్కకు వరసగా అలకలు వచ్చాయి. పెద్దాస్పత్రిలో ఒక డాక్టరమ్మ, "మీ అమ్మగారు ఎలా పోయారు?" అని అడిగింది. అంతవరకు ఏ డాక్టరూ మమ్మల్ని ఆ ప్రశ్న అడగలేదు. ముగ్గురికీ రక్తం తీసి పరీక్ష చేశారు. అక్కకు ఉంది. పాపకు ఉంది. నన్ను వదిలేసింది. ఆ మాట విని సంతోషపడాలో సిగ్గుపడాలో తెలియక ఆస్పత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. ఏం కాని దాన్ని నేను ఏడుస్తుంటే జబ్బు వచ్చిన అక్క నన్ను ఓదార్చింది.

దీనికి మందుంది. ఆ ప్రోటీన్‌నే పొడిగా చేసి చిన్న సీసాలో పెడతారు. ఇంకో సీసాలో నీళ్లు. రెండూ కలిపి నరానికి ఎక్కించాలి. వాపు మొదలైన వెంటనే పడితే మంచిది కాబట్టి ఇంట్లోనే వేయడం నేర్చుకోమన్నారు. అక్క తన చేతికి తానే వేసుకోవడం కష్టం కాబట్టి ఆ భారం బావ మీద పడింది. నేర్పింది ఒక నర్సమ్మ, పొట్టిగా, గొంతు మాత్రం గంటలా ఉండేది. పెట్టెను ఫ్రిజ్‌లో పెట్టాలి, గడ్డకట్టే అరలో కాదు. తీసినప్పుడల్లా తేదీ చూడాలి. చేతులు సబ్బుతో కడగాలి, సీసా మూతిని స్పిరిట్ దూదితో తుడవాలి, ఆరనివ్వాలి. నీళ్లు పొడిలోకి దిగాక సీసాను బల్ల మీదే ఉంచి మెల్లగా గుండ్రంగా తిప్పాలి.

"కుదపకూడదు," అంది నర్సమ్మ. "కుదిపితే నురగొస్తుంది. నురగొచ్చిందంటే ఆ మందు ఇక మందు కాదు. పారేయడమే."

అక్కా నేనూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. బావ అప్పటికే నేర్చుకోవడానికిచ్చిన ఉత్తుత్తి సీసాను చెవి దగ్గర పెట్టుకున్నాడు.

"అయ్యా, మీరేం పని చేస్తుంటారు?" అని అడిగింది నర్సమ్మ.

"రంగులు కలుపుతానండీ."

ఆమె సీసాను ఆయన చేతిలోంచి తీసుకుంది. తర్వాత ఆ సీసాలో రెండు చుక్కల సబ్బు నీళ్లు పోసి ఇచ్చి, "దీంతో సాధన చేయండి. నురగ కనబడకుండా తిప్పడం వచ్చాకే అసలు సీసా ఇస్తాను," అంది. బావ రోజూ పని నుంచి వచ్చి, కాళ్లు కడుక్కుని, ఆ సబ్బు సీసా ముందు కూర్చునేవాడు. నేను పక్కన చేరి ఎగతాళి చేసేదాన్ని. మొత్తానికి వచ్చింది. ఆస్పత్రి వాళ్లు ఇంటికి రెండు పెట్టెలు ఇచ్చి పంపారు. "చేయో కాలో అయితే ఇంట్లో వేసి నాకు ఫోను చేయండి. గొంతయితే వేయండి, వేసి ఆస్పత్రికీ రండి. వేశాం కదా అని ఆగొద్దు, వస్తున్నాం కదా అని వేయడం ఆపొద్దు," అని నర్సమ్మ బావ చేత మళ్లీ చెప్పించుకుంది.

ఆ తర్వాత బావ మనిషి మారిపోయాడు. అక్క గొంతు సవరించుకుంటే తలెత్తి చూసేవాడు. దగ్గితే వచ్చి నిలబడేవాడు. నిద్రలో ఆమె ఊపిరి ఎలా ఉందో డబ్బాను విన్నట్టే వినేవాడట. "ఈయన కాపలా చూస్తే జబ్బుకంటే ముందు నేను భయంతో పోయేలా ఉన్నాను," అని అక్క నా దగ్గర నవ్వేది. ఆ నవ్వు పెదవుల వరకే ఉండేది. అమ్మ పోయిన వయసు దగ్గరపడుతోందని ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

ఆ రోజు పొద్దున అక్క కుడి చేయి అలిగింది. వేళ్లు లావెక్కి, ముడుచుకోవడానికి రాకుండా పోయాయి. బావ ఫ్రిజ్ తెరిచి ఒక పెట్టె తీశాడు. అన్నీ నర్సమ్మ చెప్పినట్టే చేశాడు. తేదీ చూశాడు, చేతులు కడిగాడు, మూతి తుడిచాడు. నీళ్లు పొడిలోకి దిగాయి. సరిగ్గా అప్పుడు, బడికి బయల్దేరాల్సిన పాప చెప్పు ఒకటి కనబడలేదని గుమ్మంలోంచి రాగం తీసింది. "మంచం కింద చూడమ్మా," అని బావ అటు తిరిగాడు. ఆ తిరగడంలో చేతిలో సీసా ఉందన్న సంగతి చేతికి తప్ప ఆయనకు గుర్తులేదు. చేయి తన పని తాను చేసుకుపోయింది.

ఇటు తిరిగేసరికి సీసా నిండా తెల్లటి నురగ.

అక్కకు ఒళ్లు మండిపోయింది. "నా ప్రాణం కూడా నీకు రంగు డబ్బాయేనా?" అంది. బావ ఆ సీసాను పక్కన పెట్టాడు. రెండో పెట్టె కోసం చేయి చాపితే అక్క ఫ్రిజ్‌కు అడ్డంగా నిలబడింది. "దాన్ని ముట్టుకున్నావంటే ఊరుకోను. చేతికేగా వచ్చింది, అదే తగ్గుతుంది. ఉన్న ఒక్కటీ గొంతుకు ఉండనీ." బావ నర్సమ్మకు ఫోను చేశాడు. ఇంకో పెట్టె రేపు పొద్దునకి అందుతుందని, ఈలోగా ఉన్నది వాడేయడమే మేలని, గొంతులో గానీ మాటలో గానీ ఏ మాత్రం తేడా వచ్చినా ఇక ఆలోచించవద్దని ఆమె చెప్పింది. అక్క వినలేదు. గోడవైపు తిరిగి కూర్చుంది. "నీతో మాట్లాడను, పో," అంది. బావ పాపను బడిలో దింపి, తల వేలాడేసుకుని పనికి వెళ్లాడు.

మధ్యాహ్నం దుకాణంలో డబ్బా కుదుపుతుంటే ఫోను మోగింది. అక్క. బావ ఫోను భుజానికి ఇరికించుకున్నాడు.

"హలో... హలో? ఏమే, నువ్వేనా?"

అటు మాట లేదు.

"ఫోను చేసిందీ నువ్వే, మాట్లాడందీ నువ్వే. ఇదేం అలకే తల్లీ?"

అటు మాట లేదు. డబ్బా చప్పుడులో ఇంకేదీ వినబడలేదు. బావ నవ్వి, "సరే సరే, ఇంటికొస్తాను. మీ చెల్లెల్ని కూడా రాయబారానికి తీసుకొస్తాను," అని ఫోను పెట్టేశాడు.

ఆయనకు సంతోషమేసింది. అంత కోపంలోనూ తనే ముందు ఫోను చేసింది కదా అని పొంగిపోయాడు. యజమాని దగ్గర పూట సెలవడిగి, నేను పనిచేసే కళ్లద్దాల దుకాణానికి వచ్చి, "మరదలా, మీ అక్క అలిగింది, నువ్వొచ్చి అలక తీర్చాలి," అన్నాడు. అలిగింది అన్న మాట వినగానే చేతిలో ఉన్న కళ్లద్దాలు బల్ల మీద పెట్టేశాను. "ఏది అలిగింది? చేయా కాలా?" అని అడిగాను.

"ఆ అలక కాదు, మామూలు అలక," అని పొద్దున జరిగిందంతా చెప్పాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. నురగ సంగతికి తిట్టాల్సినంత తిట్టాను. తిట్టాక నవ్వొచ్చింది. ఇద్దరం తీరిగ్గా నడిచాం. దారిలో బావ ఆగి అక్కకు ఒక జడ క్లిప్పు కొన్నాడు. ఆకుపచ్చది బాగుంటుందా నీలం బాగుంటుందా అని నేను కూడా రెండూ తిప్పి తిప్పి చూశాను. ఆ క్లిప్పు ఎక్కడ కనబడినా ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తుంది.

తలుపు లోపల గడియ వేసి ఉంది. ఆ గడియ ఎప్పుడూ బిగుసుకుపోతుంది, రెండు చేతులతో లాగితే గానీ రాదు. నూనె వెయ్యమని అక్క ఏడాదిగా పోరుతూనే ఉంది.

బావ తట్టాడు. "మహారాణి గారూ, తప్పు చేసినవాడు గుమ్మంలో ఉన్నాడు."

లోపల్నుంచి తలుపు మీద దబ్‌మని ఒక దెబ్బ.

"చూశావా కోపం?" అని బావ నాతో గుసగుసలాడాడు.

"అక్కా, తలుపు తియ్యి. గిలక్కాయను చితక్కొట్టడానికి నేనున్నాను," అన్నాను.

మళ్లీ దబ్, దబ్. ఈసారి కాస్త కింద నుంచి. అరచేత్తో కొట్టినట్టు లేదు, మోచేత్తో కొట్టినట్టుంది.

"ఒక్క తిట్టు తిట్టవే," అన్నాడు బావ, చెంప తలుపుకు ఆనించి. "నువ్వు తిట్టకపోతే నాకు అన్నం సహించదు. ఒక్కటంటే ఒక్కటి." మా అక్క ఆ అవకాశం వదులుకునే మనిషి కాదు. తిట్టమని అడిగితే అడిగిన దానికి రెండు కలిపి ఇస్తుంది. తలుపు అవతల నిశ్శబ్దం. నేను కూడా వంగి చెవి పెట్టాను.

సన్నగా ఈల.

అన్నేళ్ల తర్వాత కూడా ఆ చప్పుడును నా ఒళ్లు ముందు గుర్తుపట్టింది, నేను తర్వాత గుర్తుపట్టాను.

"బావా, అది అలక కాదు," అన్నాను. "బావా, అది మా అలక."

ఎవరైనా వింటే పిచ్చిదాన్ననుకునేవారు. బావకు అర్థమైంది. "పక్కకు జరగవే!" అని లోపలికి ఒక్క కేక పెట్టి, భుజంతో తలుపును గుద్దాడు. రెండో గుద్దుకు గడియ మరలతో సహా ఊడొచ్చింది.

అక్క తలుపు పక్కన గోడకు ఆనుకుని నేల మీద ఉంది. మెడ ముందుకు చాపి, నోరు తెరిచి ఊపిరి లాగుతోంది. నాలుక నోటినిండా ఉంది. కుడి చేయి మణికట్టు దాటి వాచింది, ఎడమ వేళ్లు కూడా పొంగడం మొదలైంది. ఫోను పక్కనే పడి ఉంది. ఆ వేళ్లతో గడియ లాగలేకపోయింది, అక్షరాలు నొక్కలేకపోయింది, ఏదో విధంగా బావ నంబరు ఒక్కటి నొక్కగలిగింది. నొక్కితే అటునుంచి ఆయన నవ్వి పెట్టేశాడు. మమ్మల్ని చూసి ఆమె కళ్లు పెద్దవయ్యాయి. ఆ కళ్లలో కోపం లేదు. ఉండుంటే బాగుండేదనిపించింది.

నాకు భయమేసింది. అమ్మ పక్కన కూర్చున్న పిల్లనైపోయాను. "అంబులెన్సుకు చెయ్యి!" అని బావ అరిచాక గానీ కదలలేదు. నేను ఫోనులో వీధి గుర్తులు చెబుతుంటే ఆయన పెట్టె తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఉన్నది అదొక్కటే. తేదీ చూశాడు. చేతులు కడగడానికి వెళ్లి, గోళ్ల సందుల్లో ఎండిన రంగు పోదని తెలిసి కూడా రుద్దుతున్నాడు.

"బావా, చాలు, రా!"

"కడగాలి," అన్నాడు. గొంతు ఏడుస్తోంది, చేతులు మాత్రం కడుగుతున్నాయి.

మూతి తుడిచాడు. సీసాలు కలిపాడు. నీళ్లు పొడిలోకి దిగాయి. పొడి అడుగున ముద్దలా కూర్చుంది, అచ్చం ఆయన డబ్బాల్లోలాగే. ఆయన చేయి సీసా మీద పడింది, పడగానే ఎగిరింది. గాల్లోనే ఆపేసుకున్నాడు. సీసాను బల్ల మీద పెట్టేసి నావైపు చూశాడు. అంత భయపడిన మగవాడిని నేను అంతకుముందు చూడలేదు.

"నా మణికట్టు పట్టుకో. గట్టిగా. ఎగరబోతే గిచ్చు."

రెండు చేతులతో పట్టుకున్నాను. నా వేళ్ల కింద ఆ చేయి కొట్టుకుంటోంది. ముద్దను చూసింది కదా, కుదపాలని దానికి ఒకటే తహతహ. నేను నా బరువంతా దాని మీద వేశాను. బావ సీసాను బల్లకు ఆనించి తిప్పడం మొదలుపెట్టాడు. చిన్న గుండ్రం, మళ్లీ చిన్న గుండ్రం. వెనక అక్క ఈల. ఈల సన్నబడింది. బావ చేయి ఒక్కసారి జర్కు ఇచ్చింది, నేను గోళ్లు దిగేలా గిచ్చాను. "అబ్బా," అన్నాడు, ఆపలేదు. పొడి కరగదేం? ఎందుకు కరగదు? నేను ఏడుస్తున్నాను, ఏ దేవుడికో ఎవరికో ఏవేవో మొక్కుకుంటున్నాను. కుదిపితే చిటికెలో కలిసిపోతుందని నా చేతులకు కూడా అనిపించింది. ఆ నిమిషంలో బావను నేను పట్టుకున్నానో, నన్ను ఆయన ఆపాడో చెప్పలేను.

కరిగింది. బావ సీసాను కిటికీ దగ్గర ఎండకు ఎత్తి, రంగు చూసే కళ్లతో చూశాడు. తేట. ముద్ద లేదు, నురగ లేదు.

సిరంజిలోకి లాగాడు. అక్క ఎడమ చేతికి పైన రబ్బరు పట్టీ కట్టి, మోచేతి మడతలో నరం వెతికాడు. మొదటిసారి సూది నరానికి తగల్లేదు. "క్షమించవే," అన్నాడు. ఆ సూది పక్కన పడేసి, కొత్తది తీసి, చర్మం మళ్లీ తుడిచి, మళ్లీ పెట్టాడు. సన్నటి గొట్టంలో ఎర్రగా రక్తం కనబడింది. పట్టీ వదిలి, గడియారం ముల్లు కదిలినట్టు మెల్లగా మందు తోశాడు. నాకు ఆ సిరంజిని లాక్కుని ఒక్క నొక్కు నొక్కేయాలనిపించింది. "నెమ్మదిగా వెయ్యాలి, నెమ్మదిగా వెయ్యాలి," అని ఆయన తనకు తాను చెప్పుకుంటున్నాడు. మందు అయిపోయేలోపు అంబులెన్సు వచ్చింది. వాళ్లను కూడా ఆగమని చేత్తో సైగ చేసి, చివరి చుక్కదాకా తోసి, అప్పుడు సూది తీశాడు.

ఆస్పత్రిలో గొంతులోకి గొట్టం దించడానికి అన్నీ సిద్ధం చేసుకుని అక్కను లోపలికి తీసుకెళ్లారు. మేమిద్దరం గోడ పక్కన బల్ల మీద కూర్చున్నాం. బావ తన కుడి చేతిని తొడ కింద పెట్టుకుని దాని మీద కూర్చున్నాడు. లోపల్నుంచి ఎవరు బయటికి వచ్చినా వాళ్ల మొహం చూడడానికి మాకు ధైర్యం చాలలేదు, చెప్పులు చూశాం. చివరికి ఒక జత చెప్పులు మా ముందు ఆగాయి. పొట్టి నర్సమ్మవి.

"గొట్టం అవసరం పడలేదు. తగ్గుముఖం పట్టింది," అంది. "మందు ఎవరు కలిపారు?"

బావ భయంభయంగా చేయెత్తాడు. ఆ మణికట్టు మీద నా గోళ్ల గాట్లు ఎర్రగా ఉన్నాయి. నర్సమ్మ వాటిని చూసింది, నన్ను చూసింది.

సాయంత్రానికి అక్కకు గొంతు పెగిలింది. బావ మంచం పక్కన నిలబడి ఉన్నాడు. ఆమె చాలాసేపు ఆయన్నే చూసి, బొంగురు గొంతుతో, "రెండోది... ముట్టుకోవద్దన్నానుగా," అంది. బావ దుప్పటిలో మొహం పెట్టుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

అప్పటి నుంచి ఆ ఇంట్లో కొన్ని మారాయి. గడియ తీయించేసి, ఏ వేలితో అయినా జరిగేది పెట్టించారు. వాపును అలక అనడం మానేశాం. డాక్టర్లు పెట్టిన పేరు పలకడానికి నోరు తిరగకపోయినా తంటాలుపడి అదే పలుకుతున్నాం. ఇక అసలు అలకకు కొత్త రూలు వచ్చింది. ఎవరైనా అలగవచ్చు, ఎంతసేపైనా అలగవచ్చు, కానీ నోటితో చెప్పి అలగాలి. మా అక్కకు కోపమొస్తే గోడవైపు తిరిగే ముందు, "నేను అలిగాను, నా గొంతు బాగానే ఉంది," అని గట్టిగా చెప్పి మరీ తిరుగుతుంది. వినడానికి నవ్వొస్తుంది. మాలో ఎవరూ నవ్వరు.

బావ ఇప్పటికీ అన్నీ కుదుపుతాడు. ఫ్రిజ్‌లోని ఆ పెట్టెల జోలికి వెళ్లినప్పుడు మాత్రం కుడి చేయి జేబులో పెట్టుకుని ఎడమ చేత్తో తీస్తాడు. సబ్బు సీసా సాధన మళ్లీ మొదలుపెట్టాడు. అదీ ఎడమ చేత్తోనే.

మొన్నొక ఆదివారం పాప బొమ్మలు వేసుకుంటుంటే నేను పొరపాటున దాని రంగు పెన్సిలు విరగ్గొట్టాను. పాప బీరువా పక్కన సందులోకి దూరి బుంగమూతి పెట్టుకుంది. పాపకు ఇంతవరకు ఒక్కసారి కూడా వాపు రాలేదు. ఎప్పుడు వస్తుందో, ఎక్కడ వస్తుందో చెప్పలేమని డాక్టరమ్మ అంది.

"అలిగావా అమ్మలూ?" అంది అక్క వంటింట్లోంచి. జవాబు లేదు. గరిట చప్పుడు ఆగింది.

బావ పేపరు పక్కన పెట్టి వచ్చి పాప ముందు నేల మీద కూర్చున్నాడు. "అలిగితే చెప్పి అలగాలి కదా తల్లీ. ఒక్క మాట చెప్పు." పాప పెదవి ఇంకా ముందుకొచ్చింది. ఆ పెదవి కోపానికి వచ్చిందో మరి దేనికో ఎవరికి తెలుసు? నేను ఫ్రిజ్ తలుపు పట్టుకుని నిలబడ్డాను. అక్క గరిటతోనే వచ్చి గుమ్మంలో ఆగిపోయింది. బావ కుడి చేయి, దాంట్లో ఏమీ లేకపోయినా, ఒళ్లో దానంతటదే కుదుపుతోంది.

"ఒక్క మాట, నాన్నా. ఏదైనా సరే."

పాప మా ముగ్గురినీ మార్చి మార్చి చూసింది. ఇంతమందిని ఒక్క మూతితో నిలబెట్టినందుకు దానికి గొప్పగా కూడా ఉన్నట్టుంది. చివరికి మొహం తిప్పుకుని, గంట కొట్టినట్టు స్పష్టంగా, "నీతో మాట్లాడను, పో!" అంది.

బావ కూర్చున్నచోటే గోడకు చేరగిలబడ్డాడు. కళ్లు తుడుచుకుని, "ఇంకొక్కసారి అను తల్లీ," అన్నాడు.